తాడు పట్టినవాళ్లు

"పిల్ల నడుముకు బోరు తాడు కట్టి మీదికి గుంజుతవా? మతి ఉన్నదా నీకు?"

"ఒర్రకు నాయినమ్మా. ఇద్దరు గట్టిగ పట్టుకుంటరు. కింద పరుపు ఏస్తం."

"ఎవలి పరుపు?"

"నీదే. ఇంట్ల మందంగ ఉన్నది గదొక్కటే."

"అంటే పడుతదని నీకు ఎరుకే! ఎరుకయ్యే పరుపు ఏస్తున్నవ్!"

"నువ్వే కద అన్నవ్! సినిమా చూసొచ్చి నువ్వే అన్నవ్, గా పోరని కాలు వణికిన కాడనే మంచిగనిపించిందని. మరి అఖిల కాలు వణకాలంటే ఎట్ల? కుర్సీ మీద నిలవెడితే వణుకుతదా?"

"అన్న. అయితే? నేను అన్ననని పరాయి తల్లి బిడ్డను ఏలాడదీస్తవా?"

"నువ్వు ఒద్దంటే అఖిలోళ్ల అపార్టుమెంటు మీద చేస్తం. నాలుగంతస్తులు. ఆడ అడిగేటోళ్లు కూడ ఎవ్వరుండరు."

ఆ చివరి మాటకు చేతిలో ఉన్న చేటను గద్దె మీద విసిరికొట్టాను. బియ్యం వాకిలంతా చెదిరాయి. మళ్లీ వంగి ఒక్కొక్క గింజా ఏరుకున్నది కూడా నేనే. కోపం వచ్చినా బియ్యం బియ్యమే కదా.

ఆ మాటలన్న పిల్ల నా మనుమరాలు నవ్య. డిగ్రీ చదువుతున్నది. కాలేజీలో చిన్న సినిమాల పోటీ పెట్టారట, ఫోన్‌తోనే తీయాలట. ఆకాశంలో ఎగిరి ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే ఆడపిల్ల కథ ఒకటి ఇది రాసుకున్నది. ఎగిరే పిల్ల వేషం దీని స్నేహితురాలు అఖిలది. మన్నెగూడ నుంచి బస్సెక్కి వస్తుంది. గాలి గట్టిగా వీస్తే తాడు లేకుండానే లేచిపోయేటంత సన్నది. మా మేడ మీద సగం కట్టి ఆపిన గది ఒకటి ఉంది. దాని దూలం మీదుగా తాడు వేసి, వాకిట్లో నుంచి ఈ పిల్లను పైకి లాగాలని వీళ్ల ఆలోచన. తెల్లవారితే షూటింగు. కొడుకూ కోడలూ తుక్కుగూడలో చుట్టాల ఇంటికి పోయి ఉన్నారు. ఇంట్లో పెద్దదాన్ని నేనొక్కదాన్నే. ఆ పిల్లకు ఏమన్నా అయితే దాని తల్లికి జవాబు చెప్పవలసింది నేను.

నాకు కోపం నవ్య మీద ఎంత వచ్చిందో నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆ మాట నేను అన్నదే కాబట్టి.

పోయిన వారం నన్ను సినిమాకు తీసుకుపోయింది. నగరం దిక్కు పెద్ద హాలు. నేను ఇంట్లో వేయించిన పల్లీలు చిన్న గుడ్డలో మూట కట్టుకుని పోతే, గేటు దగ్గర నిలబడ్డ మనిషి అది విప్పించి బయటి తినుబండారం లోపలికి రాదన్నాడు. చేను నాది, పల్లి నాది, నోరు నాది, నడుమ నువ్వెవడివిరా అన్నాను. నవ్య సిగ్గుతో చచ్చిపోయింది. మూట పారేయమంటే పారేయలేదు. అక్కడే మెట్ల మీద కూర్చుని అన్నీ తిని, నీళ్లు తాగి, అప్పుడు లోపలికి పోయాను. మొదటి భాగం కొంత పోయిందట. పోతే పోనీ.

ఇక ఆ సినిమా. ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకున్న పోరడు ఒకడు గాలిలో తిరుగుతుంటాడు. దుష్టుడొకడు వస్తాడు. ఇద్దరూ కొట్టుకుంటే ఊరు ఊరంతా కూలిపోతుంది. ఇండ్లు, వంతెనలు, దుకాణాలు. "ఇయ్యాల రాత్రికి గా ఇండ్లోళ్లు యాడ పంటరే?" అని అడిగాను. "నాయినమ్మా, సప్పుడు చెయ్యకు" అన్నది. ఒక ఇల్లు కట్టడానికి నా మొగడు, నేను ఎన్ని ఎండాకాలాలు ఇటుక మోశామో నాకు తెలుసు. అవతల వాడు గుద్దితే పన్నెండంతస్తులు పేకముక్కల్లా పోతే పిల్లలంతా ఈలలు వేశారు. ఆ పోరడికి ఎన్ని దెబ్బలు తగిలినా నెత్తురు రాదు. ఆకలి కాదు. కూర్చుని ఒక బుక్క తిన్నది లేదు. ఎంతసేపు చూసినా వాడి మీద నాకు పానం కొట్టుకోలేదు. చావనివాడి కోసం ఎవరు భయపడతారు?

ఒక్క చోట మాత్రం నేను ముందుకు వంగి చూశాను. పిల్లలున్న బస్సు కాలువలోకి ఒరుగుతుంటే వాడు కింద దూరి రెండు చేతులతో ఆపాడు. అప్పుడు వాడి ఎడమ కాలు వణికింది. జర్రంతే. మోకాలి కింద పిక్క కొట్టుకున్నది. పక్కన పిల్లలు నోట్లో వేసుకున్న మక్క పేలాలు నమలడం మానేశారు. నా పిడికిలి బిగుసుకున్నది. వీనికి బరువు తెలుస్తున్నది అనుకున్నాను. బలం ఉన్నవాడిని చూడడంలో సంబరం బలంలో లేదు, అది అయిపోతుందేమో అన్న భయంలో ఉంది. ఇంటికి వచ్చే దారిలో ఆ మాటే నవ్యతో అన్నాను. అది ఆ మాటను తీసుకుపోయి తాడుకు కట్టింది.

ఆ మాట అనే ముందు నేను ఆలోచించి ఉండవలసింది. కాలు వణికితే చూసి సంబరపడడం ఎంత దూరం పోతుందో ఈ లోకంలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

నా చిన్నతనంలో మా ఊళ్లో పంటలు ఇంటికి వచ్చాక భాగోతం ఆడేవారు. తక్కిన ఊళ్లలో అది పొద్దుగూకినాక మొదలవుతుంది. మా ఊళ్లో పగటిపూటే ఆడించేవారు, కాగడాలకు నూనె దండగని. మా ఊరి పిసినారితనం అట్లాంటిది. నాకు వచ్చింది కూడా అక్కడి నుంచే. ఆ రోజు ఇంట్లో కోడి కూయకముందే ఇసుర్రాయి తిరిగేది. అమ్మ జొన్నలు పోస్తూ, విసురుతూ, నడుమ నడుమ నన్ను తిడుతూ ఉండేది. దాలిలో పిడకల మీద పాలు ఎర్రగా కాగుతుండేవి. ఆ పొగ వాసన, కొత్త జొన్నపిండి వాసన, వీటి మీద ఆముదం వాసన. ఆముదం ఎందుకంటే, మా బాపు మోట తాడుకు పట్టించేవాడు.

ఆ తాడే మా ఇంటి గొప్ప. భాగోతంలో చివరకు రాక్షసుడిని చంపే ఉగ్రవేషం వస్తుంది. ఆ వేషం కట్టినవాడి ఒంటి మీదికి నిజంగానే శక్తి వస్తుందని, విడిచిపెడితే ఎదురుగా ఉన్నవాడిని చీల్చేస్తాడని ఊరి నమ్మకం. అందుకని వాడి నడుముకు తాడు కట్టి, చెరో పక్కన ఒక బలమైన మనిషి పట్టుకుని వెనక్కి లాగుతుండాలి. కుడి పక్క తాడు మా తాత పట్టాడు, తాత తర్వాత మా బాపు. ముందు రోజు బాపు అరుగు మీద కూర్చుని తాడును జానెడు జానెడు జరుపుతూ, పురి విడిన చోట వేలు ఆనించి చూసేవాడు. అప్పుడు ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. చేతులకు బూడిద రుద్దుకుని, నడుముకు గొంగడి చుట్టుకుని పోతుంటే నేను వెనుకే ఉరికేదాన్ని, మా బాపు లేకపోతే దేవుణ్ని ఆపేవాడు లేడని.

ఉగ్రవేషం కట్టేది ఎల్లయ్య. వాళ్ల కుటుంబానిది అదే పని, ఊరూరా తిరిగి ఆడడం. ముఖానికి అర్దళం పూసుకుంటే పసుపు పచ్చగా మండిపోయేవాడు. నెత్తిన కట్టె కిరీటం, భుజాలకు కట్టె రెక్కలు. మా బాపు ఏడాది పొడుగునా అతన్ని "ఎల్లిగా" అని పిలిచేవాడు. కిరీటం నెత్తికెక్కితే మాత్రం "సామీ" అనేవాడు. కిరీటం ఎక్కినాక అతన్ని పేరుతో పిలవకూడదు, పిలిస్తే ఊరికి అరిష్టం. వేషం అయిపోయేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు.

ఆ ఏడు ఎండలు తొందరగా ముదిరాయి. పొద్దున అమ్మ చెంబు నిండా అంబలి పోసి, పైన ఆకు మూసి నా చేతికిచ్చింది. "కిరీటం కట్టకముందే తాగిపియ్యి. మనిషే కద, పానం ఉండాలె" అన్నది. బాపుకు తెలియనివ్వవద్దన్నది. నేను పోయేసరికి పిల్లలంతా ముందు వరుసలో చోటు పట్టుకుంటున్నారు. తెర వెనక్కి పోయి వస్తే నా చోటు పోతుంది. చెంబు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మద్దెల మొదలైంది. చెంబు సంగతి మరిచాను. మరిచాననే ఇన్నేండ్లూ చెప్పుకున్నాను. నిజానికి ఒకసారి యాదికొచ్చింది, లేవబుద్ధి కాలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు ఉగ్రవేషం వచ్చింది. అంత బాగా ఎల్లయ్య ఎన్నడూ ఆడలేదు. కండ్లు ఎర్రగా ఉన్నాయి. ముందుకు దూకితే తాడు కీచుమన్నది. బాపు మడమలు మట్టిలో దిగబడ్డాయి. కాసేపటికి ఎల్లయ్య కాళ్లు వణకడం మొదలుపెట్టాయి. పిక్కలు, తొడలు, పెదవులు. జనం లేచి నిలబడ్డారు. "సామి దిగిండు, ఈయేడు నిజంగనే దిగిండు!" అని ఎవరో అరిచారు. ఆడవాళ్లు అక్కడికక్కడే మొక్కారు. నేను చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టాను.

అప్పుడు ఎల్లయ్య బాపు దిక్కు తిరిగి, "ఇడువు పటేలా. నేను ఎల్లిగాన్ని. నడుము కోస్తున్నది, ఇడువు" అన్నాడు.

బాపు ఇంకా గట్టిగా లాగాడు. ఎడమ పక్క మనిషి తన దిక్కు లాగాడు. ఊరు ఊరంతా కేక పెట్టింది. రెండోసారి కూడా అన్నాడు, "ఎల్లిగాన్ని" అని. ఈసారి గొంతు రాలేదు, పెదవులే కదిలాయి. ఆ తర్వాత నిలువునా పడిపోయాడు. కిరీటం దొర్లుకుంటూ వచ్చి నా ముందు ఆగింది. నా పక్కన చెంబులో అంబలి నిండుగా అట్లాగే ఉంది.

చావలేదు. బాపు తన గొంగడి పరిస్తే, నలుగురు నాలుగు మూలలు పట్టి నీడకు మోశారు. నడుము చుట్టూ తాడు దిగిన చోట తోలు లేచిపోయింది. ఎవరో నీళ్లు తెచ్చారు. కిరీటం ఉన్నంతసేపు ఆయన కాళ్లు మొక్కిన చేతులే అవి. ఆ చేతులే ఇప్పుడు చెంబు ఆయన పెదవికి తగలకుండా ఎత్తి పట్టి, పైనుంచి దోసిట్లోకి పోశాయి. ఆయన దోసిలి పట్టలేకపోతే నీళ్లు మట్టిలో పోయాయి కానీ చెంబు మాత్రం కిందికి దిగలేదు. ఇది తలుచుకుంటే ఈ వయసులో కూడా పండ్లు పటపట కొరుకుతాను. ఆ రోజులు మంచివి, మనుషులు మంచివాళ్లు అని ఎవరన్నా నా ముందర అంటే వాళ్లను వాకిట్లో నుంచి వెళ్లగొట్టాలనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక బాపు గడపలో కూలబడ్డాడు. "వాడు పేరు చెప్పిండా? నాకు ఇనపడలె" అన్నాడు.

అమ్మ పొయ్యి ఊదుతున్నది. వెనక్కి తిరగకుండానే, "అందరికి ఇనపడ్డది" అన్నది.

అంతే. ఆ సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బాపు తర్వాత ఎన్నడూ తాడు పట్టలేదు. ఎల్లయ్య మరుసటి ఏడు వచ్చాడు కానీ తాళాలు వాయిస్తూ పక్కన కూర్చున్నాడు, వేషం వేరేవాడు కట్టాడు. వంగి కూర్చునేవాడు. చెంబు సంగతి అమ్మ నన్ను అడగలేదు. అడిగి రెండు కొడితే బాగుండేది.

ఇదంతా మొన్న సాయంత్రం చెదిరిన బియ్యం ఏరుతూ నవ్యకు చెప్పాను. మా ఆయనకు చెప్పలేదు, నా కొడుక్కు చెప్పలేదు. దీనికి చెప్పాను, అదీ ప్రేమతో కాదు, కోపంతో. చెబుతుంటే నా గొంతు పెరుగుతున్నది. అది వచ్చి ఎదురుగా గొంతుకూర్చుని, తనూ ఏరసాగింది. తర్వాత మెల్లగా, "అందుకే నాయినమ్మా సినిమా మంచిది" అన్నది.

"ఏంది మంచిది?"

"సినిమాల ఎవ్వరికి దెబ్బ తాకదని అందరికి ఎరుక. గది ఎరుక కాబట్టే భయపడుకుంట కూడ ఖుషీగ చూస్తం. మీరు చూసినప్పుడు మీకు గది ఎరుక లేకుండె."

"ఎరుక లేక కాదే! ఆయన నోరు తెరిచి చెప్పిండు. చెప్పినా ఇనలె. మంచిగున్నదని ఇనలె!"

"మేం ఇంటం. అఖిలను అఖిల అనే పిలుస్తం కద."

"రేపు ఫోను కంటికి ఆనిచ్చుకున్నంక చూద్దాం, ఎట్ల ఇంటవో."

సినిమాలో ఎవరికీ దెబ్బ తాకదన్న దాని మాట మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పుడు రాస్తూ కూడా దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాను. హాలులో ఆ పోరడి కాలు వణికినప్పుడు నా పిడికిలి బిగుసుకున్నది ఎందుకో నాకు తెలుసు. వాడికి ఏమీ కాదని లోపల ఎక్కడో ధీమా ఉన్నందుకే అంతసేపు చూడగలిగానేమో. ఆ ధీమా లేకపోతే లేచి పోయేదాన్నా? లేచి పోతానని ఒట్టు పెట్టి చెప్పలేను. ముందు వరుసలో కూర్చున్న పిల్లను నేనే కదా. అప్పటి జనం చెడ్డవాళ్లు, ఇప్పటివాళ్లు బుద్ధిమంతులు అని కూడా నేను అనను. ఇప్పుడు మాత్రం ఏమైంది? రోడ్డు మీద మనిషి పడితే చుట్టూ పది ఫోన్లు లేస్తాయి. లేపడానికి చేతులు ఖాళీగా ఉండవు. అప్పుడు చప్పట్లలో పడి వినలేదు, ఇప్పుడు ఫోన్లలో పడి వినడం లేదు.

వద్దంటే నాలుగంతస్తుల మీద చేస్తామన్నారు. అందుకని నా కండ్ల ముందే జరగనీ అనుకున్నాను. పెట్టె తీసి నా పాత నూలు చీర ఒకటి బయటికి లాగాను. బోరు మోటారు దించే ప్లాస్టిక్ తాడు నేరుగా నడుముకు కడితే కోస్తుంది. చీరను నాలుగు మడతలు వేసి నడుముకు, తొడలకు పట్టీలా కట్టి, ఆ పట్టీకి తాడు ముడి వేయాలని చూపించాను. మనిషి తల కంటే ఎత్తు లేపవద్దన్నాను. అది తలూపింది. మొహం మాత్రం మాడ్చుకునే ఉంది.

తెల్లవారి ఏడు గంటలకల్లా పిల్లలు వచ్చారు. తాడు పట్టడానికి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. నేను ముందే అఖిలను కూర్చోబెట్టి రెండు జొన్నరొట్టెలు తినిపించాను. "అవ్వా, తింటే బరువైత" అన్నది. "కా" అన్నాను. పట్టీ నేనే కట్టాను, ముడి నేనే వేశాను. నవ్య ఫోను పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డది. మొదటిసారి లాగితే అఖిల గుండ్రంగా తిరిగి అందరూ నవ్వారు. రెండోసారి బాగా లేచింది. చేతులు చాపింది. వెనక ఎండ పడుతుంటే నిజంగానే ఎగురుతున్నట్టే ఉంది. దాని ఎడమ కాలు వణకడం మొదలైంది.

"మస్తుంది, గట్లనే ఉండు, గట్లనే!" అని నవ్య అరిచింది.

"నవ్యా, దించే. నాకు కండ్లు తిరిగినట్టు అయితుంది" అన్నది అఖిల. గట్టిగా అనలేదు.

తాడు పట్టిన పిల్లలు నవ్య మొహం దిక్కు చూశారు. నేను గద్దె మీద నుంచి లేచాను. నోరు తెరిచాను కానీ మాట బయటికి రాకముందే నవ్య చేతిలోని ఫోను విడిచిపెట్టి ఉరికింది. అఖిల రెండు కాళ్లూ తన భుజాల మీదికి ఎత్తుకుని, "ఇడువుర్రి, నిమ్మలంగ ఇడువుర్రి" అన్నది. తాడు వదులైంది. అఖిల కిందికి వచ్చి పరుపు మీద కూర్చుని, చెంబు నోటికి ఆనించుకుని గటగటా నీళ్లు తాగింది.

ఫోను బండ మీద బోర్లా పడి ఉంది. తీసి చూస్తే అద్దం ఈ మూల నుంచి ఆ మూల దాకా పగిలింది. అది కొన్నది నా కొడుకు. కొంగుతో తుడిచి నవ్య చేతిలో పెట్టాను.